దానికి బరువైతంది

ఫోన్ల ఎర్ర సుక్క కనవడుతంది. అంటె ఇంటున్నట్టే గదా బవ్యా? నువ్వు చెప్పినట్టే ఒత్తిన.

మొన్న ఫోన్ల అడిగితివి గదా, "అమ్మమ్మా, మా హాస్టల్ల పోరిలందరు దెయ్యం కథలంటె చెవి కోసుకుంటరు, నీ నోటితోని ఒకటి చెప్పు, అందరికి ఇనిపిస్త" అని. నాకేమొస్తయే కథలు, పో అన్న. ఇయ్యాల చెప్పబుద్ధయితంది. మంచంల పండుకొనే మాట్లాడుతున్న. ఈడ జర గాలి తక్కువున్నది, మెల్లగ చెప్త. చెవికి దగ్గర పెట్టుకొని ఇనున్రి.

నీకెరుకే గని, ఇనెటోళ్ళకు ఎరుక లేదు గదా. నా పేరు పోచవ్వ. మాది చెన్నూరు అవతల గోదారి ఒడ్డు. మేం గంగపుత్రులం, చాపలు పట్టి బతికెటోళ్ళం. కింద ఆనకట్ట కట్టినంక నీళ్ళు ఎనుకకు అచ్చి మా ఊరి పత్తి చేన్లన్ని మునిగినయి. చేన్ల గెట్ల మీద ఉన్న ఇప్ప చెట్లు, మోదుగు చెట్లు సచ్చినయి గని పడిపోలే. నీళ్ళల్లనే నిలవడి ఉన్నయి, కొమ్మలు పైకెత్తి. మా దొడ్డి తలుపు తీస్తె నాలుగడుగులకు ఓ బండ, బండ దాటితె నీళ్ళు. మాపటీలి కొంగలు ఆ మొండి చెట్ల మీద వాల్తయి. నీళ్ళు బండకు తాకుతుంటె పిల్లి పాలు తాగిన సప్పుడస్తది. నాకు అదే జోలపాట.

మాకు ఓ కట్టె పడవ ఉండె. మీ తాత ముంగట నిలవడి వల ఇసురుతుండె. నేను ఎనుక కూసోని తెడ్డు ఏస్తుంటి. కాపురానికచ్చిన కాడినుంచి గట్లనే. ఇంట్ల ఎంత కొట్లాడుకున్నా పడవల మాత్రం నోరు లేవద్దు. మాట్లాడితె చాపలు బెదురుతయి. మాట్లాడక తప్పదనుకుంటె గుసగుసే. "ఎడమకు… ఎడమకు… ఆపు పోచీ." గంతే. నా జన్మల మీ తాత నాతోని మెత్తగ మాట్లాడిందంటె గా పడవలనే. ఇంట్ల అయితె ఒక్కటే ఒర్రుడు.

ఇగ నా కుడి రెక్క లేవకుంటయింది. దవాఖానల సూపెడితె తెడ్డు ముట్టొద్దన్నరు. పడవ గూడ అప్పటికే పుచ్చి, అడుగునుంచి నీళ్ళు ఊరుతున్నయి. ఏం చేద్దామని మీ తాత పరేషాన్ల ఉంటె మీ బాపు, అదే మా అల్లుడు కుమారు, బొగ్గుబాయి మీద డూటి దిగి అచ్చి ఫోన్ల బొమ్మ సూపెట్టిండు.

"మామా, ఇది ఒక్కరే నడుపుకునే పడవ. చాపలు పట్టెటందుకే చేసిండ్రు. కయాక్ అంటరు."

"కాయా? ఆకా?" అన్న నేను.

"కాయ గాదు ఆకు గాదు అత్తా, కయాక్."

మీ తాత నవ్వలే. ఫోను చేతులకు తీసుకొని కండ్లకాడ పెట్టుకున్నడు.

కరీంనగరం పోయినం ముగ్గురం. మానేరు డ్యాము కట్టకాడ కుమారు దోస్తు ఒకాయన గవి తెప్పిచ్చి అమ్ముతుండె. వరుసకు పండవెట్టిండు, ఎర్రయి, నీలంయి, పసుపుయి. మీ తాత ఒక్కొక్కదాని చుట్టు తిరిగిండు. ఒకటేమొ కాళ్ళు లోపటికి దూర్చి కూసునేది. "బోర్ల పడితె? కాళ్ళు లోపట, వల మీద… నా గోరి నేనే కట్టుకున్నట్టయితది. వద్దు" అన్నడు. ఇంకోటి సన్నగ పొడుగ్గ ఉన్నది. ఎక్కి కూసోని నడుము అటిటు ఊపి సూసిండు. "ఇది ఉరుకుతది గని నిలవడది. వల గుంజంగ పక్కకు ఒరిగితె ఇంతే సంగతి." మూడోది ఎడల్పు, అడుగు సాపుగ, పైన కూసునేది. దాని మీద కూసున్నడు. రెండు కాళ్ళు ఒక్కదిక్కే ఏలాడేసి ముంగటికి ఒంగిండు. అది కదలలే. దిగి, కొసకున్న పిడి పట్టి లేపిండు. "నేనొక్కన్నే మోసుకోవాలె గదా." పొట్ట మీద గోరుతోని గీకిండు. ఏలు మడిచి టక్ టక్ కొట్టి చెవి ఆనిచ్చిండు, కుమ్మరోని కాడ కుండ కొట్టి సూసినట్టు.

నన్ను సూడ అచ్చిన నాడు మీ తాత నా మొఖం దిక్కు ఒక్కసారి సూసిండు బవ్యా. మిగిలిన సేపు గారెల దిక్కు సూసిండు.

అది పసుపు రంగుది. ఎండకు నిగనిగమంటంది, నలుగు పెట్టిన పెండ్లిపిల్ల తీరుగ. "ఇదే" అన్నడు.

"రెండు సీట్లది లేదా?" అని అడిగిన నేను.

"ఉన్నది అత్తమ్మా, గని అది బరువు. పెద్దాయన ఒక్కడు ఒడ్డుకు గుంజలేడు" అన్నడు దోస్తు.

మీ తాత నా దిక్కు మల్లనన్న మల్లలే. "నీ రెక్క పనిచెయ్యది గదా, నీకెందుకు సీటు?" అన్నడు.

గప్పుడు సూసిన, దాని అడుగుకు తూట్లు. ఈ మొఖం నుంచి ఆ మొఖందాక ఎల్లిన తూట్లు. "గిదేంది, తూట్ల పడవ అంటగడుతున్నవా?" అన్న. ఆ దోస్తు నవ్విండు. "అవ్వి ఉండాలె అత్తమ్మా. పడవ లోపట డొల్ల, అది మునగది. మీద పడ్డ నీళ్ళు ఆ తూట్లనుంచే దిగిపోతయి. ఒక్క మనిషి కూసుంటె అరికాళ్ళు పొడిగనే ఉంటయి. ఇద్దరు కూసుంటె మాత్రం బరువుకు పడవ దిగవడి, అవే తూట్లనుంచి నీళ్ళు పైకి లేస్తయి. అందుకే ఒక్కరే."

గీ మాట యాదుంచుకోన్రి.

ట్రాలీల ఏసుకొని ఊళ్ళెకు తెచ్చినం. మా పక్కింటి అనసూర్య గోడ మీదనుంచి తొంగి సూసి, "పోచక్కా, సౌతి అచ్చిందట గదా! పల్లెంల దీపం పెట్టుకొని ఎదురు రాకపోతివి?" అన్నది. వాడంత నవ్విండ్రు. నేనూ నవ్విన. గంగమ్మకు కోడిని కోసినం, కల్లు సాకబోసినం, దాని ముక్కుకు పసుపు కుంకుమ పెట్టినం. పసుపు మీద పసుపు కనవడనే కనవడలే.

ఇగ సూడు దాని సేవ. నీళ్ళల్లనుంచి రాంగనే మోటరు నీళ్ళతోని కడుగుడు. బురద ఎండితె గీతలు పడ్తయట. తూట్లల్ల ఇరుకున్న గులకరాళ్ళను యాపపుల్లతోని తీసుడు, పసిపిల్ల చెవులు తీసినట్టు. సందులల్ల నీళ్ళు స్పాంజితోని అద్దుడు. కొసకున్న బిరడ ఇప్పి, లోపట ఊరిన సుక్క నీళ్ళు ఒంపి, మల్ల పెట్టుడు. రాళ్ళ మీద గుంజకుండె, నెత్తి మీద పెట్టుకొనే తెస్తుండె. ఒక్కతీరుగ పండవెడితె పొట్ట సొట్ట పడ్తదని రెండు పాత టైర్ల మీద బోర్ల ఏస్తుండె. ఎండకు మెత్తవడ్తదని నీలం తాడిపత్రి కప్పి, చుట్టు తాడు గుంజి ముడేస్తుండె. గా ముడి ఆయన చేతి ముడి, వల అల్లే ముడి, ఇంకెవలు ఇప్పలేరు. ఒక పక్క జానెడు సందు ఇడుస్తుండె.

"గది గూడ కప్పరాదు?" అన్న ఓపాలి.

"గాలి ఆడాలె పోచీ. లేకుంటె దానికి ఊపిరాడది."

దానికి ఊపిరాడదట! నేను ఉబ్బసం లేసి దగ్గుతుంటె "అటు మల్లి దగ్గు" అనెటోడు. నా మడిమెలు పగిలి నెత్తురు కారుతుంటె చెన్నూరు అంగట్ల మందు తెమ్మంటె యాది మరిచెటోడు. స్పాంజి మాత్రం మరువలే.

అదంత పోనీ. బండ మీద కూసోని సూస్తుంటి నేను. పొద్దుగూకంగ దాని మీద కూసోని ఆ మొండి చెట్ల నడుమకు పోతుండె. ఒక్కడే. దూరం నుంచి గూడ కనవడుతుండె… పెదవులు మెదులుతున్నయి. గుసగుస పెడుతున్నడు. నాతోని పడవల మాట్లాడిన గుసగుస. ఇప్పుడు నేను ఒడ్డు మీదున్న. మరి ఎవలతోని?

పోయిన చలికాలం ఒకనాడు పొద్దుగూకక ముందే పడవ ఒడ్డుకు మల్లింది. నేను బండ మీదనే ఉన్న. నీళ్ళు కదలకుంట, సప్పుడు లేకుంట, సీదా అచ్చి నా కాళ్ళకాడ ఆగింది. తెడ్డు ఆయన ఒళ్ళె ఉన్నది. తల కిందికేసుకొని కూసున్నడు. కునుకు తీస్తున్నడనుకున్న.

"దిగవా ఏంది?" అన్న.

దిగలే.

గుండె ఆగిందన్నరు. ఆగి చాన సేపయిందన్నరు, చేతులు కట్టెలయినయి. మరి తెడ్డు ఎవలేసిండ్రని అడిగిన. గాలికి కొట్టుకచ్చిందన్నరు. ఆనాడు ఆకు కదిలేంత గాలి లేదు. నాకు దాని ఫికర్ గూడ లేదు. నా మంట ఒక్కటే. ఆఖరి ఊపిరి దాని మీద ఇడిసిండు. ఆఖరికి ఏమన్నడో అది ఇన్నది. నేను ఇనలే.

దినాల నాడు పిట్టకు పెట్టినం. ఎరుక లేనోళ్ళకు చెప్త. సచ్చినోళ్ళకు ఇష్టమైనవి వండి ఇస్తారాకుల పెట్టి, దూరం జరిగి నిలవడ్తం. కాకి ముడితె వాళ్ళ మనసు నిమ్మలంగ ఉన్నట్టు. ముట్టకుంటె మనసుల ఏదో కోరిక ఉన్నట్టు. అది ఏందో మనమే కనుక్కొని, ఒక్కొక్కటి మాట ఇయ్యాలె. బొచ్చె చాప పులుసు, గారెలు, కల్లు, బీడి కట్ట అన్ని పెట్టినం బండ మీద. కాకి అచ్చింది. మొండి ఇప్ప చెట్టు మీద కూసున్నది. రాలే.

మీ అవ్వ, అదే నా బిడ్డ, ఏడ్సుకుంట దండం పెట్టింది. "బాపూ, అవ్వను నా తానికి తీసుకపోత. పువ్వుల్ల పెట్టి సూసుకుంట." కాకి మెడ గోక్కున్నది.

నీ పెండ్లి మంచిగ చేస్తమన్నరు బవ్యా. కాకి రెక్క దులుపుకున్నది.

నేను ముంగటికి పోయిన. "ఏవయ్యా, నా రంది పెట్టుకోకు. నేను బాగనే ఉంట" అన్న. కాకి ఈపు మల్లిచ్చి కూసున్నది.

"రంది ఉంటె గదా అక్కా, మనసుల" అన్నది అనసూర్య మెల్లగ. మెల్లగనే అన్నది గని నాకు ఇనవడ్డది.

ఎండ నెత్తికెక్కింది. అందరికి ఆకలైతంది. కుమారు ఇసుగుతోని, పరాచికానికే అన్నట్టు, "సరే మామా, నీ పడవను అమ్మం తీ. నువ్వు సూసుకున్నట్టే సూసుకుంటం" అన్నడు.

మాట నోట్లెనే ఉన్నది. కాకి దుంకింది. గారె ముక్కున కరుసుకున్నది.

ఒక్కసారి అందరు పక్కున నవ్విండ్రు. నా మొఖం సూసి ఆపిండ్రు. పెండ్లాన్నని మీ తాత పేరు మీద గాజులు పగులగొట్టుకున్నది నేను. ఆయన మనసుల ఉన్నది గది.

అందరు పోయినంక దాన్ని ముట్టలే నేను. బురదతోని ఎండల ఎల్లెలుకల పడి ఉండనిచ్చిన. తెల్లారి దొడ్డి తలుపు తీసి సూస్తె… కడిగి ఉన్నది. టైర్ల మీద బోర్ల ఏసి ఉన్నది. తాడిపత్రి కప్పి, తాడు గుంజి, గదే ముడి. జానెడు సందు.

"అనసూర్యా, మీ ఆయన గిట్ల అచ్చిండా మా దొడ్లెకు?"

"మా ఆయన సొంత లుంగీ ఉతుక్కోడక్కా, నీ పడవ కడుగుతడా?"

కొడవలితోని తాడు కోసిన. ఎండలకు ఈడ్సిన, రాళ్ళ మీదికెల్లి ఈడ్సిన. తట్టెడు బురద తెచ్చి తూట్లల్ల కుక్కిన. తెల్లారి మల్ల కడిగి ఉన్నది. పక్కన యాపపుల్ల. దాని కొస తడి ఆరలే.

బుగులు పడాలె గదా? పడలే బవ్యా. నాకు మంట లేసింది. ఎందుకంటవా, తడి మట్టిల అడుగులున్నయి. నీళ్ళల్లకెల్లి టైర్లదాక, టైర్లకాన్నుంచి నీళ్ళల్లకు. దొడ్డి తలుపు నాలుగడుగులే. రోజు పొద్దుగూకంగ ఆ గడప మీద చెంబెడు నీళ్ళు పెడుతున్న, అస్తె తాగుతడని. తలుపు దిక్కు ఒక్క అడుగు లేదు. చెంబుల నీళ్ళు నిండుగ ఉన్నయి. సచ్చినంక గూడ ఇంటిదాక అచ్చి, నన్ను సూడకుంట, దాని చెవులు తీసి పోతున్నడు.

ఇగ ఆగలే. గోదారి అవతల సిరోంచల అంబదాస్ అని ఓ చాపలోడు ఉంటడు. పడవ అమ్ముత, తీసుకపో అని ఫోన్ చేసిన. "ఉద్యా సకాళీ, రేపు పొద్దుగాలనే అస్త మావ్‌శీ, జీపు తెస్త" అన్నడు. మావ్‌శీ అంటె వాళ్ళ మరాఠీల చిన్నమ్మ.

ఆ మాపటీలి నాకు ఓ బుద్ధి పుట్టింది. తెల్లారితె పోతది గదా. పోకముందు ఒక్కసారి కూసోని సూస్త. నాకు రాడు గని దాని తానికి అస్తడు గదా. దాని మీద నేనుంటె… నా తానికి అచ్చినట్టే గదా?

నీళ్ళల్లకు తోసిన. కూసున్న. సీటు మెత్తగున్నది. ఆయన బరువుకు గుంట పడి ఉన్నది, అండ్ల నేను నిండలే. తెడ్డు తేలికనే ఉన్నది, రెక్క నొచ్చినా ఏసిన. నేనెంత, ఎండిన కట్టెను. కాళ్ళ కింద ఒక్క సుక్క లేవలే. పొడిగున్నయి.

చలి దిగుతంది. పొద్దు కుంకినకాడ జర ఎరుపు మిగిలింది, అది గూడ నీళ్ళల్లనే. మా ఊరి పొయిల పొగ నీళ్ళ మీద పరుసుకొని ఉన్నది. మొండి చెట్ల నడుమకు పోతున్నకొద్ది పొగ వాసన పోయి పాకుడు వాసన, మురిగిన బెరడు వాసన. కొంగలున్నయి గని కూతలు లేవు. కొమ్మలకు చిక్కిన పాత వల ముక్కలు ఏలాడుతున్నయి. తెడ్డు నీళ్ళల్ల పడ్డ సప్పుడు, లేసినప్పుడు కారే సుక్కల సప్పుడు. ఇంకేం లేదు. ఇప్ప చెట్టుకాడ తెడ్డు ఆపిన. ఆయన పోయింది ఈన్నే కావచ్చు అనుకున్న.

కూసున్న. ఉత్తగ కూసున్న.

గుడుక్.

చాప అనుకున్న.

గుడుక్… గుడుక్…

కింద సూసిన. తూట్లల్లనుంచి నీళ్ళు పొంగుతున్నయి. అరికాళ్ళకు సల్లగ తాకినయి. ఏళ్ళ మీదికి అచ్చినయి. పడవ ముక్కు జర పైకి లేసింది. ఎనుక దిగవడ్డది… ఎవలో ఎక్కి కూసున్నట్టు.

బీడి వాసన అచ్చింది. తడిసిన గొంగడి వాసన. యాపపుల్ల వాసన.

ఎనుకకు మల్లలే నేను. దెయ్యం కనవడ్తదని గాదు. మల్లితె ఏం కనవడదేమొనని.

"అచ్చినవా?" అన్న గుసగుసగ.

నీళ్ళు చీలమండలకు అచ్చినయి.

"నాకోసమేనా?"

చెవి ఎనుక సల్లటి గాలి తగిలింది. నోరు తెరిచినట్టు.

"పోచీ…"

గదే గుసగుస బవ్యా. పాత పడవల గుసగుస. ఎంత కాలమైంది. "ఆఁ…" అన్న. "చెప్పు. ఏంది చెప్పు."

"దిగు."

నాకు సమజ్ కాలే.

"ఏమంటున్నవ్?"

"దిగు పోచీ. దానికి బరువైతంది."

చుట్టు నిండు నీళ్ళు. కింద ఎక్కడనో మా పత్తి చేను. ఒడ్డు కనవడ్తలేదు. ఎటు దిగాలె? ఆయన చెప్పలే. ఎనుకనుంచి నా భుజం మీద… చెయ్యి గాదు, బరువు. తడి బరువు. పక్కకు… పక్కకు ఒత్తుతంది. తోసినట్టు గాదు. ఇరుకుల కూసున్నోన్ని జర జరుగుమన్నట్టు.

నీళ్ళు పిక్కలకు అచ్చినయి.

బుగులు ఎటు పోయిందో పోయింది. నేను ఒర్రిన. పడవల ఒర్రద్దని నలభై ఏండ్లు మింగిన ఒర్రుడంత ఒర్రిన.

"దిగ! నేను దిగ! నీ ఎనుక కూసోని రెక్క ఇరిగేదాక తెడ్డేసిన. నా పొట్టల ఆడపిల్ల ఉన్నప్పుడు గూడ ఏసిన. దీని పొట్ట సొట్ట పడ్తదని టైర్ల మీద పండవెడ్తివి, నేను ఉత్త నేల మీద పండుకున్న. దీనికి ఊపిరాడాలె, నాకు ఆడద్దా? దీని తూట్లు పుల్లవెట్టి తీస్తివి, నా మడిమెలు ఒక్కనాడన్న సూస్తివా? దీన్ని సూసినట్టు నన్ను సూడు! ఒక్కనాడు సూడు! అప్పుడు దిగుత!"

కొంగలన్ని ఒక్కసారి లేసినయి. రెక్కల సప్పుడు నా నెత్తి మీదికెల్లి పోయింది. పోయి, ఆగింది.

ఏం లేదు.

పడవ ముక్కు దిగింది. ఎనుక తేలికైంది. నీళ్ళల్ల ఎవలు దుంకిన సప్పుడు లేదు. పొంగిన నీళ్ళు తూట్లల్లకెల్లి గుటగుట దిగిపోతున్నయి, గటగట తాగినట్టు. ఆఖరి గుక్క తాగంగ ఆ తూట్లల్లనుంచి, కిందినుంచి, ఇనవడ్డది.

"సరే."

తెడ్డు నా ఒళ్ళె ఉన్నది. నేను ముట్టలే. పడవ దానంతల అదే మల్లింది. నీళ్ళు కదలకుంట సీదా బండకాడికి అచ్చి ఆగింది.

దిగిన.

తెల్లారి అంబదాస్ అచ్చిండు, పడవను జీపు మీద కట్టుకున్నడు. నీలం తాడిపత్రి మడిచి నా చేతుల పెట్టిండు. "నువ్వే ఉంచుకో మావ్‌శీ, వానకాలం అక్కరకస్తది" అన్నడు. టైర్లు గూడ దొడ్లెనే ఉన్నయి.

ఆ తెల్లారి మెలుకువ అచ్చేసరికి నా కాళ్ళు తడిగున్నయి. ఏంది అని సూసుకుంటె… మడిమెలు కడిగి ఉన్నయి. పగుళ్ళల్ల ఇన్నేండ్ల మట్టి ఒక్క రవ్వ లేదు. గడప మీద చెంబు ఒట్టిగున్నది. పక్కన యాపపుల్ల.

ఏడ్సిన బవ్యా. సంబురంతోని ఏడ్సిన. అనసూర్యను పిలిచి కాళ్ళు సూపెట్టిన. "సూడవే, సౌతి పోయింది. ఇగ నాదే వంతు" అన్న. దానికి నవ్వు రాలే.

ఇంకోనాడు నా ఎంటికలు స్పాంజితోని అద్దినట్టు సదిరి ఉన్నయి. ఇంకోనాడు లేసేసరికి బోర్ల పండుకొని ఉన్న. నా జన్మల నేను బోర్ల పండుకోలే. మంచం ఎత్తుగ అనిపిచ్చింది. కిందికి సూస్తె మంచం కింద రెండు టైర్లు.

తర్వాత తాడిపత్రి.

నేను లేస్తలేనని అనసూర్య అచ్చి సూసిందట. మంచంతోని కలిపి నీలం కప్పి, చుట్టు తాడు గుంజి కట్టి ఉన్నదట. ముడి ఇప్పరాక కొడవలితోని కోసింది. నన్ను బయిటికి గుంజి, "ఎవలు కట్టిండ్రక్కా?" అన్నది.

"మీ బావ" అన్న.

"లోపటికెల్లి నువ్వే కట్టుకున్నవా?"

"లోపటికెల్లి ఎట్ల కడ్తరే, పిస్సదానా? ముడి బయట ఉన్నది గదా."

గప్పటినుంచి అది పగటి పూటనే అస్తది, గడప దాటది. మీ అవ్వకు ఫోన్ల ఏడ్సుకుంట చెప్పిందట. మీ అవ్వ, కుమారు నన్ను తీసుకపోను అస్తరట గదా, వాళ్ళ బొగ్గుబాయి కోటర్లకు. వద్దని చెప్పు బవ్యా. నేను రాను. ఆ పడవకు ఎన్నేండ్లు చేసిండు? నాకు ఇప్పుడే గదా మొదలు వెట్టింది.

ఇప్పుడు గూడ కప్పే ఉన్నది. తాడిపత్రి కిందికెల్లే మాట్లాడుతున్న. ఫోను ఎలుగుకు అంత నీలంగ కనవడుతంది, మంచిగనే ఉన్నది. తెల్లారిందో లేదో మాత్రం సమజైతలేదు. తెల్లారితె సందుల నుంచి ఎలుగు వడ్తది. సందు…

దానికి జానెడు ఇడుస్తుండె, చెప్పిన గదా. నిన్న తడిమి సూసిన. నాకు బెత్తెడే ఇడిసిండు. సూడు, ఇంక గూడ తేడానే. అడుగుదామనుకున్న. ఇయ్యాల తడిమితె… ఆ బెత్తెడు గూడ దొర్కుతలేదు. ఇటు లేదు. అటు గూడ…

ఆగు.

ఇది నులక మంచం గదా. ఇదీ తూట్లదే. బోర్ల ఉన్న కదా, నులక సందులనుంచి పొట్టకు సల్లగ తాకుతంది. ఇంట్లకు నీళ్ళెట్లస్తయి?

గుడుక్.

ఇన్నవా? నీకు ఇనవడ్డదా?

ఇద్దరు కూసుంటెనే గదా నీళ్ళు లేసేది.

ఇగ ఆపుత బిడ్డా. పడవల మాట్లాడద్దు… చాపలు బెదురుతయి.